తేలికైన ల్యాప్‌టాపా, పవర్ ఉన్నదా? కొనేముందు ఇలా తేల్చుకోండి

ప్రతి ఏడాదీ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సీట్లు ఖాయమయ్యే రోజుల్లో మా చుట్టాల ఇళ్ల నుంచి నాకు ఫోన్లు వస్తాయి. “బాబాయ్, ఫ్రెండ్స్ అందరూ గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకుంటున్నారు, నేనూ అదే తీసుకోనా?” అని పిల్లలు అడుగుతారు. “బరువు లేనిది చూసి చెప్పయ్యా, వాడు రోజూ రెండు బస్సులు మారాలి” అని వాళ్ల అమ్మలు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే నేను మోడల్ పేరు వెంటనే చెప్పను. ముందు రెండు సంగతులు అడుగుతాను. వారంలో ఎన్ని రోజులు దాన్ని బ్యాగులో వేసుకుని తిరుగుతారు? ఏ పని చేసేటప్పుడు ఇప్పుడున్న కంప్యూటర్ మిమ్మల్ని ఖాళీగా కూర్చోబెడుతోంది?

ఈ ప్రశ్నలు నాకు అనుభవంతో వచ్చినవే. కొన్నేళ్ల కింద రెండున్నర కిలోల మెషీన్ కొన్నాను. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో మారి, రాయదుర్గంలో దిగేవాణ్ని. అందులో గేముల, త్రీడీ బొమ్మల పని చూసుకునే గ్రాఫిక్స్ కార్డును నెలలో రెండు మూడుసార్లు వాడి ఉంటాను. బరువు మాత్రం వారానికి ఐదు రోజులు, రానూ పోనూ మోశాను. ఆరు నెలలకు కుడి భుజం పట్టేసింది. మా పిన్ని కూతురిది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. ఆర్కిటెక్చర్‌లో చేరి, చూడముచ్చటగా ఉందని కిలోంబావు ల్యాప్‌టాప్ తీసుకుంది. మూడో ఏడాదిలో బిల్డింగ్ మోడల్‌కు రెండర్ (మోడల్‌ను ఫొటోలాంటి బొమ్మగా మార్చే పని) పెట్టి పడుకుంటే తెల్లారినా అయ్యేది కాదు. సబ్మిషన్ ముందు రోజు ఆ పిల్ల పడ్డ టెన్షన్ చూసినవాణ్ని కాబట్టి, అందరూ తేలికైనదే కొనండని చెప్పలేను.

మొదటి పని: బరువు మోసి చూడండి

షాపులో ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తి చూస్తే ఏ బరువూ తెలియదు. ఇంట్లో ఇలా చేయండి. రోజూ వాడే బ్యాగులో పుస్తకాలు, టిఫిన్ డబ్బా మామూలుగా సర్దుకోండి. దానికి తోడు లీటరు నీళ్ల సీసాలు మూడు పెట్టండి. గేమింగ్ ల్యాప్‌టాప్, దాని అడాప్టర్ కలిపితే దాదాపు ఆ బరువే. మెషీన్ రెండుంబావు నుంచి రెండున్నర కిలోల దాకా ఉంటుంది. ఇటుకలాంటి అడాప్టర్ ఇంకో అరకిలో పైనే. ఆ బ్యాగుతో మూడు రోజులు మీ మామూలు దారిలో వెళ్లి రండి. బస్సులో నిలబడండి, మెట్లెక్కండి, బైక్ వెనక కూర్చోండి. తర్వాత మూడు రోజులు ఒకటిన్నర లీటర్లతో తిరగండి. తేలికైన ల్యాప్‌టాప్ దాని చిన్న చార్జర్‌తో కలిపి అంతే తూగుతుంది.

బిల్లు కట్టేముందు చేయగలిగిన పరీక్షల్లో నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా విలువైనది. దీనికి పైసా ఖర్చు లేదు. హాస్టల్‌లో ఉండి, కాలేజీ ఐదు నిమిషాల నడకలో ఉన్నవాళ్లకు మూడు కిలోలు లెక్కలోకే రాకపోవచ్చు. ఊరి నుంచి కాలేజీ బస్సులో గంటసేపు వెళ్లేవాళ్లకు ఆ తేడా రోజూ తెలుస్తుంది. ఇంకో సంగతి, కొనేముందు మెషీన్ బరువుతో పాటు అడాప్టర్ బరువు కూడా విడిగా అడగండి. ప్రకటనలో రాసే బరువులో అడాప్టర్ ఉండదు.

రెండో పని: ఇప్పుడున్న కంప్యూటర్ ఎక్కడ ఆగుతోందో చూడండి

చేతిలో పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే ఇది తప్పక చేయండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, మిమ్మల్ని విసిగించే పనిని మామూలుగా చేయండి. స్లో అయిన క్షణంలో ఏది నిండిందో చూడండి.

మెమరీ తొంభై శాతం దాటితే మీకు కావలసింది ఎక్కువ ర్యామ్. అది కిలోంబావు ల్యాప్‌టాప్‌లోనూ దొరుకుతుంది. డిస్క్ ఎప్పుడూ నూరు శాతం చూపిస్తూ, లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే, దాని బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. అసలు కొత్తది కొనే అవసరమే తప్పిపోవచ్చు. ప్రాసెసర్ గానీ గ్రాఫిక్స్ గానీ నిమిషాల తరబడి నూరు దగ్గరే ఉండిపోతే, అప్పుడు మీకు నిజంగా పవర్ కావాలి. నా దగ్గరికి ‘స్లో అయింది, గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలి’ అని వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఎనిమిది జీబీ ర్యామ్ చాలకపోవడమే అసలు సమస్య.

మూడో పని: వాడబోయే సాఫ్ట్‌వేర్‌ల పేర్లు కాగితం మీద రాయండి

‘కోడింగ్‌కు’, ‘ఎడిటింగ్‌కు’ అని కాకుండా సాఫ్ట్‌వేర్ పేరుతో సహా రాయాలి. కాలేజీ సీనియర్లను అడగండి. మొదటి ఏడాదికి ఏం వాడారో, మూడో ఏడాదికి ఏం వాడుతున్నారో వేరువేరుగా అడగండి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకు మొదటి రెండేళ్లలో వచ్చే సీ, జావా, పైథాన్ ఏ ల్యాప్‌టాప్‌లోనైనా నడుస్తాయి. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీదే నడిచే నకిలీ ఫోన్) పెట్టినప్పుడు ర్యామ్ బాగా లాగుతుంది, 16 జీబీ ఉంటే హాయి. ఈ బ్రాంచి వాళ్లు తేలికైనది తీసుకుంటే దాదాపు ఎప్పుడూ నష్టపోరు. మెషీన్ లెర్నింగ్ కోసమని గ్రాఫిక్స్ కార్డు అడుగుతారు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

మెకానికల్, సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. సాలిడ్‌వర్క్స్, రెవిట్ నేరుగా విండోస్‌లోనే నడుస్తాయి, మ్యాక్‌కు అవి లేవు. ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది. మామూలు డ్రాయింగ్‌లకు తేలికైనది సరిపోతుంది. లూమియన్ లాంటి వాటిలో రెండర్ చేయాలంటే మాత్రం విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా బండి కదలదు. మా పిన్ని కూతురు ఇరుక్కున్నది అక్కడే. ఆర్కిటెక్చర్ విద్యార్థి అడిగితే నేను ఆలోచించకుండా పవర్ ఉన్నదే తీసుకోమంటాను, బరువు సంగతి తర్వాత చూసుకోమంటాను.

వీడియో ఎడిటింగ్‌లో రెండు రకాలున్నాయి. ఫోన్లో తీసిన వీడియోను కత్తిరించి, టైటిల్ పెట్టి, పది నిమిషాల క్లిప్పు తయారుచేయడం ఇప్పటి తేలికపాటి ల్యాప్‌టాప్‌లకు పెద్ద పని కాదు. ఇంటెల్, ఏఎండీ, ఆపిల్ చిప్‌లలో వీడియోను విప్పి మళ్లీ కుదించే విడి భాగం ఉంటుంది. పెళ్లి వీడియోలు చేసేవాళ్ల పని వేరు. రెండు మూడు కెమెరాల ఫుటేజి గంటలకొద్దీ ఉంటుంది, ప్రతి షాటుకూ కలర్ చేయాలి, ముహూర్తాల సీజన్లో ఒక దాని వెంట ఒకటి ఎక్స్‌పోర్ట్ పెట్టాలి. అక్కడ ఫ్యాన్లు గట్టిగా ఉన్న బరువైన మెషీనే నిలబడుతుంది.

టాలీ, ఎక్సెల్ వాడేవాళ్లకు, బ్యాంకు పరీక్షలకు, సివిల్స్‌కు చదివేవాళ్లకు, టీచర్లకు తేలికైనదే సరి. అయితే టాలీ విండోస్ సాఫ్ట్‌వేర్ అని గుర్తుంచుకోండి. డీటీపీ చేసేవాళ్లకు ఒక మాట: పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసే అలవాటు ఉంటే, కొత్త మెషీన్ కొనేముందు అవి దానిలో నడుస్తాయో లేదో ఒకసారి వేయించి చూడండి. మ్యాక్ అయినా, స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ అయినా ఈ పరీక్ష లేకుండా తీసుకోవద్దు. పాత సాఫ్ట్‌వేర్‌లు, పాత ప్రింటర్ డ్రైవర్లు వాటిలో మొరాయించవచ్చు.

నాలుగో పని: చిప్ పేరు చివరి అక్షరం చదవండి

ఇంటెల్ ప్రాసెసర్ చిప్‌లలో ఐ5 కన్నా ఐ7 ఎప్పుడూ గొప్పదే అని చాలామంది అనుకుంటారు. ఇంటెల్ 13వ తరంలోని రెండు చిప్‌లు చూడండి. ఐ7-1355యూలో వేగంగా పనిచేసే పెద్ద కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) రెండే, దాని మామూలు విద్యుత్ వాడకం 15 వాట్లు. ఐ5-13500హెచ్‌లో అలాంటి కోర్లు నాలుగు, దానికి 45 వాట్లు. గంటసేపు ఆగకుండా చేసే పనిలో ఈ ఐ5 ఆ ఐ7ను దాటిపోతుంది. చివర యూ ఉంటే పొదుపు రకం, హెచ్ ఉంటే బరువు పనుల రకం, హెచ్‌ఎక్స్ అంటే ఇంకా పైది. ఏఎండీలో యూ, హెచ్‌ఎస్, హెచ్‌ఎక్స్ అక్షరాలకూ దాదాపు ఇదే వరస. కొత్త మోడళ్లలో పేర్లు మారుస్తూనే ఉన్నారు కాబట్టి, అనుమానం వస్తే చిప్ పూర్తి పేరు రాసుకుని వచ్చి, అది ఎన్ని వాట్లదో కంపెనీ సైట్లో చూడండి.

గ్రాఫిక్స్ కార్డుకూ ఇదే జాగ్రత్త. ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఆర్‌టీఎక్స్ 4060ను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చుకోవచ్చని ఎన్‌విడియానే చెబుతోంది. సన్నటి మెషీన్లో పెట్టిన 4060, లావుపాటి దానిలో పెట్టిన 4060 పేరులోనే ఒకటి. ‘సన్నగానూ ఉంది, గేమింగ్ కార్డూ ఉంది’ అని మురిసిపోయి డబ్బు కట్టేముందు ఆ వాట్ల అంకె అడగండి. సేల్స్‌మన్‌కు తెలియకపోతే కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ పేజీ తెరిచి చూపించమనండి.

ఐదో పని: మన ఎండలు, మన కరెంటు లెక్కలో వేసుకోండి

విదేశీ రివ్యూలు ఏసీ గదిలో చేస్తారు. మనం మే నెలలో ఫ్యాన్ కింద వాడతాం. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని రాస్తుంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెంలలో ఎండాకాలం మధ్యాహ్నం బయట 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి, ఇంట్లోనూ 35 దాటుతుంది. వేడెక్కితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 2020లో ఎం1 చిప్‌తో వచ్చినప్పటి నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు. అందువల్ల అది చప్పుడు లేకుండా ఉంటుంది, 13 అంగుళాలది దాదాపు కిలోంబావే. చిన్న పనులకు మెరుపులా ఉంటుంది. అరగంట ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం నెమ్మదిస్తుంది. ఏసీ లేని ఇంట్లో బరువైన పని చేసేవాళ్లు ఫ్యాన్ ఉన్నదే తీసుకోవాలి. అలాంటి మెషీన్‌ను మంచం మీద, బొంత మీద పెట్టకూడదు, కింద గాలి ఆడాలి.

ఇక బ్యాటరీ. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా 100 వాట్-అవర్ల దాకా బ్యాటరీలే తీసుకెళ్లనిస్తారు. ల్యాప్‌టాప్ కంపెనీలు ఆ గీత దాటకపోవడానికి కారణం అదే. అంటే ఎంత పెద్ద మెషీన్ అయినా బ్యాటరీ అంతకు మించదు. లెక్క వేసుకుంటే సంగతి తెలుస్తుంది. 60 వాట్-అవర్ల బ్యాటరీ ఉండి, రాసుకోవడం, చదువుకోవడం లాంటి పనికి 8 వాట్లు వాడే తేలికపాటి ల్యాప్‌టాప్ ఏడున్నర గంటలు వస్తుంది. అదే పనికి 20 వాట్లు తినేది మూడు గంటల్లో ఆగిపోతుంది. పైగా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చార్జర్ తీస్తే పూర్తి వేగంతో నడవవు, బ్యాటరీ అంత విద్యుత్ ఒక్కసారిగా ఇవ్వలేదు. మీరు డబ్బు పోసి కొన్న పవర్ ప్లగ్గు దగ్గరే ఉంటుందన్నమాట. క్లాసులో వెనక బెంచీ దగ్గర ప్లగ్గు ఉందో లేదో చూసుకుని మరీ కొనండి.

ఊళ్లో కరెంటు పోతుంటే ఇన్వర్టర్ మీద 65 వాట్ల చార్జర్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. 240 వాట్ల అడాప్టర్ పూర్తి లోడులో ఉంటే చిన్న ఇన్వర్టర్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఇంట్లో ఫ్యాన్లకు మిగలదు. తేలికైనది తీసుకునేవాళ్లు టైప్-సీ చార్జింగ్ ఉన్నదే చూడండి. హాస్టల్‌లో చార్జర్ మర్చిపోయినా పక్కవాళ్లది పనికొస్తుంది.

ఆరో పని: ఆ పవర్ ఇంకో చోట దొరుకుతుందేమో చూడండి

మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్ల కోసం చెబుతానన్న మాట ఇదే. గూగుల్ కోల్యాబ్ అనే వెబ్‌సైట్లో, నెట్ ద్వారా గూగుల్ వాళ్ల గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. ఎంతసేపు దొరుకుతుందనే హామీ లేదు, కానీ అసైన్‌మెంట్లకు చాలు. క్యాగిల్ అనే సైట్లోనూ వారానికి ఇన్ని గంటలని ఉచితంగా ఇస్తారు. నెట్ బాగున్న చోట ఉంటే తేలికైన ల్యాప్‌టాప్‌తోనే డిగ్రీ మొత్తం గడిచిపోతుంది. నెట్ సరిగా రాని ఊళ్లో ఉండి, రోజూ మోడళ్లు ట్రైన్ చేసేవాళ్లయితే ఎన్‌విడియా కార్డు ఉన్నది తీసుకోండి. ఈ పనికి ఎక్కువగా వాడే సీయూడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ కార్డుల మీదే నడుస్తుంది. కార్డులోని మెమరీ ఎంతో కూడా చూడండి, 6 జీబీకీ 8 జీబీకీ ఇక్కడ చాలా తేడా ఉంది.

కాలేజీ ల్యాబ్‌లో మంచి కంప్యూటర్లు ఉన్నాయా, సాయంత్రాలు తెరిచి ఉంచుతారా అని కనుక్కోండి. ఇంట్లోనే బరువు పని చేసే వీడియో ఎడిటర్లకు, త్రీడీ ఆర్టిస్టులకు నా సలహా డెస్క్‌టాప్. అదే డబ్బుకు వేగం ఎక్కువ వస్తుంది, వేడి తక్కువ, ఏ భాగం పోయినా ఒక్కటే మార్చుకోవచ్చు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో దగ్గరుండి అసెంబుల్ చేయించుకోవచ్చు. బయటికి వెళ్లేటప్పటికి పాత తేలిక ల్యాప్‌టాప్ ఒకటి చాలు.

ఎటూ తేలకపోతే

ఆ రెంటికీ మధ్య ఒక రకం ఉంది, దాన్ని చాలామంది చూడకుండా దాటిపోతారు. 14 అంగుళాల స్క్రీన్, హెచ్ లేదా హెచ్‌ఎస్ చిప్, విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా, ఒకటిన్నర కిలోల చుట్టుపక్కల బరువు, లోపల ఫ్యాను, టైప్-సీ చార్జింగ్. ఏఎండీ రేడియాన్ 780ఎం లాంటి గ్రాఫిక్స్ భాగం ప్రాసెసర్ చిప్‌లోనే కలిసి ఉన్న మెషీన్లలో మామూలు గేములు కూడా ఆడుకోవచ్చు. ఏ బ్రాంచి వస్తుందో ఇంకా తెలియని పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది ఇదే.

ఏది తీసుకున్నా 16 జీబీ ర్యామ్‌కు తగ్గొద్దు. సన్నటి వాటిలో చాలావరకు ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచడం కుదరదు. మ్యాక్‌లలోనూ అంతే. బరువైన వాటిలో సాధారణంగా స్లాట్లు ఉంటాయి, వాటిలో తర్వాత వేయించుకోవచ్చు.

స్క్రీన్ దగ్గర తొందరపడకండి. తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కార్డుకు పెట్టిన ఖర్చును స్క్రీన్‌లో మిగుల్చుకుంటారు. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనే కొలతలతో రాస్తారు. స్పెసిఫికేషన్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఫొటోలు, డిజైన్ చేసేవాళ్లు నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసి ఉన్నదే చూడాలి. కిటికీ దగ్గర కూర్చుని చదివేవాళ్లకు స్క్రీన్ వెలుగు 300 నిట్స్ పైన ఉండాలి.

అమెరికా నుంచి అన్నయ్యో అక్కో తెస్తామంటే, పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆ మోడల్ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కొనేముందే కంపెనీని అడగమనండి. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు వైరు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. ఇక్కడే కొంటే ఇంటికొచ్చి రిపేరు చేసే వారంటీయా, మనం సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాల్సిందా అని అడగండి. జిల్లా కేంద్రానికి దూరంగా ఉండేవాళ్లకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం.

ఇంటికి తెచ్చిన వారంలో

బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి, అట్టపెట్టె పారేయకండి. మార్పిడి గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి. ఆ గడువులోనే, మధ్యాహ్నం రెండింటప్పుడు, మీరు మామూలుగా కూర్చునే గదిలో, మీ అసలు పనిని గంటసేపు ఆగకుండా నడపండి. మొదటి ఐదు నిమిషాల్లో ఎంత వేగం ఉందో, చివరి ఐదు నిమిషాల్లో ఎంత ఉందో రాసుకోండి. కీబోర్డు మీద చెయ్యి పెట్టగలుగుతున్నారా, ఫ్యాను చప్పుడు పక్కన చదువుకునేవాళ్లకు ఇబ్బందిగా ఉందా చూడండి. మర్నాడు పొద్దున పూర్తిగా చార్జ్ చేసి, చార్జర్ ఇంట్లోనే పెట్టి, బ్యాగులో వేసుకుని వెళ్లండి. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఎంత శాతం మిగిలిందో చూసుకోండి.